పల్లెబడి - కంప్యూటరు విద్య

ఇబ్రహీంపట్నమునకు సమీపముననే ఆదిభట్ల కలదు. అచ్చటి టాటా కన్సల్టెన్సీ వారి కార్యాలయములో మన యువకులు వేలకొలదిగా కూర్చుండి దేశదేశాంతరముల వ్యాపారసంస్థలకు కంప్యూటరు పనులు చేసిపెట్టుచున్నారు. ఆ ప్రక్కనే విమానభాగములను నిర్మించు కర్మాగారములు. మంగళపల్లి, ఖానాపురము మొదలగు చోట్ల ఇంజనీరింగు కళాశాలలు వెలసినవి. ఇంతటి విద్యాసంపదకు నెలవైన ప్రాంతమున, ప్రభుత్వ పాఠశాలలో చదువుకొను కూలివాని బిడ్డ కంప్యూటరు మీద చేయి వేయకయే పదవ తరగతి దాటిపోవుట మనకు గౌరవమా?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. కోవిడ్ వ్యాధి దీనిని మన ముంగిటికి తెచ్చినది. 2020 మార్చి 16వ తేదీ మొదలు తెలంగాణమున పాఠశాలలు మూతపడెను. ఆ సెప్టెంబరు 1వ తేదీన దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారముల మూలమున పాఠములు ప్రారంభమయ్యెను. ఈ యత్నమును మేము తేలికపరుపము. ఉపాధ్యాయులు వాట్సాప్ బృందములు కట్టి అభ్యాసపత్రములు పంపిరి. ఇల్లిల్లు తిరిగి పిల్లలు పాఠము వినుచున్నారో లేదో కనుగొనిరి. కాని టెలివిజను పలుకునే గాని వినదు. అర్థము కాని బాలుడు దాని నేమని యడుగును? ఇంటికి ఒక్కటే సెల్‌ఫోను. తండ్రి దానిని జేబులో వైచుకొని ప్రొద్దుననే పనికి పోవును. రాత్రి అది ఇల్లు చేరినపుడు ముందుగా అందుకొనువాడు మగపిల్లవాడు. ఆడపిల్ల వంతు వచ్చుసరికి దీపమార్పు వేళ యగును. పెద్దతరగతులకు 2021 ఫిబ్రవరిలో తలుపులు తెరచి, మార్చి 24న మరల మూసిరి. అయిదవ తరగతి లోపలి పసివారు తిరిగి బడిమెట్టు ఎక్కినది 2021 సెప్టెంబరు 1వ తేదీననే. దాదాపు పదునెనిమిది నెలలు!

లోపమంతయు యంత్రములు లేకపోవుటయే యని పలువురు తలచిరి. మా యభిప్రాయము వేరు. ఫోను చేతనున్న ఇండ్లలో సైతము, తరగతిలో ప్రవేశించుట యెట్లో, వ్రాసిన జవాబును ఫొటో తీసి పంపుట యెట్లో, కావలసిన విషయమును తెలుగులో వెదకుట యెట్లో, కనబడినదానిలో నిజమేదో మోసమేదో పిల్లవానికి నేర్పినవారు లేరు. పాఠ్యపుస్తకములలో క్యూఆర్ కోడు అను చదరపు గుర్తులు ముద్రించిరి. ఫోను దానిపై చూపినచో దీక్షా వేదికయందలి దృశ్యపాఠము తెరచుకొనును. ఆ సంగతి ఎవరును చెప్పని బాలుడు ఆ గళ్లకు రంగు పెన్సిలుతో సింగారము చేసికొనెనేని తప్పు వానిది కాదు.

యంత్రములను కొనుటలో మన ప్రభుత్వములెప్పుడును వెనుదీయలేదు. 2008లో ఉమ్మడి రాష్ట్రమున 5,000 ఉన్నత పాఠశాలలకు ప్రైవేటు సంస్థల ద్వారా, అయిదేండ్ల ఒప్పందముతో, కంప్యూటర్లను బోధకులను ఏర్పాటు చేసిరి. గడువు తీరెను. బోధకులు ఇండ్లకు పోయిరి. యంత్రములు మిగిలెను, వానికి దుమ్మును, గదికి తాళమును తోడయ్యెను. పొరుగున ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2022 డిసెంబరులో ఎనిమిదవ తరగతి బాలబాలికలకు ట్యాబులు పంచెను. పంచుట మంచిదే. పంచిన పిమ్మట నేర్పువారెవరను ప్రశ్న అక్కడను ఇక్కడను ఒక్కటే.

కేరళమువారు వేరుదారి త్రొక్కిరి. 2001లో మొదలిడిన పథకముతో తమ పాఠశాలల ఉపాధ్యాయులకే కంప్యూటరు విద్య గరపిరి. 2018లో విద్యార్థులచేతనే పాఠశాలలలో సంఘములు కట్టించిరి. 2020 జూను 1వ తేదీననే వారి విక్టర్స్ ప్రసారములలో పాఠములు మ్రోగెను. అచ్చటను పేదలున్నారు, ఫోను లేని యిండ్లున్నవి. కాని చేయి తిరిగిన ఉపాధ్యాయుడు ప్రతి బడిలో నుండెను.

తెలుగువారికి దూరబోధన పరాయిది కాదు. దేశమున తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయమును 1982లో నెలకొల్పినది మనమే. అంతకు మున్ను, నిజాము పాలనలో తెలుగుబడి పెట్టుకొనుటకే సర్కారు అనుమతి వేడవలసిన దినములలో, మన పెద్దలు గ్రంథాలయములు స్థాపించి జనులకు చదువు చెప్పిరి. 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము అందుకు సాక్షి. నేడు అనుమతి వేడవలసినవారము కాము. ప్రభుత్వము మనది, పన్ను మనది.

కాన మేము కోరునది స్వల్పము. ఉన్నత పాఠశాల కొక కంప్యూటరు ఉపాధ్యాయుని స్థిరోద్యోగిగా నియమింపవలెను. ఒప్పందముతో వచ్చినవాడు ఒప్పందముతోనే పోవునని చూచితిమి. ఇతర ఉపాధ్యాయులకు వేసవిలో శిక్షణ మీయవలెను. బోధన తెలుగున సాగవలెను. అమ్మకు జాబు వ్రాయు బాలుడు తన మాటను ఇంగ్లీషు అక్షరములలో కొట్టుచున్నాడన్న నది తెలుగు టైపు మనము నేర్పకపోవుటచేతనే. ఆడపిల్లలకు గదిలో వేరుగా వేళ కేటాయింపవలెను, ఇంట వారికి ఫోను దక్కదు గనుక. ఆదిభట్ల ఉద్యోగులును, కళాశాలల విద్యార్థులును వారమున కొక పూట సమీపపు బడికి వచ్చి నేర్పినచో సంతోషమే. అది ప్రభుత్వపు పనికి తోడే గాని బదులు కాదు.

జూనులో బడులు తెరచునాటికైనను, ఇబ్రహీంపట్నము ప్రాంతపు పాఠశాలలలో ఎన్ని కంప్యూటరు గదులకు తాళములు వ్రేలాడుచున్నవో, ఆ తాళపుచెవులు ఎవరియొద్ద నున్నవో, రంగారెడ్డి జిల్లా విద్యాధికారులు విచారించి ప్రకటింతురా?