పిడుగుపాటును, కంటిచూపును

కార్బన్ ఆర్కు దీపముల కాలమున చిత్రశాలలో మెరుపును పుట్టించుట కష్టముగా నుండెడిది కాదు. రెండు బొగ్గుకడ్డీల నడుమ విద్యుత్తును దుమికించిన చాలును. 1948లో ఏ.వి.ఎం. వారు కారైక్కుడినుండి కోడంబాక్కమునకు తరలివచ్చుటకు పూర్వమే, ఇట్టి దీపముల యెదుట నిలిచినవారి కన్నులు ఎఱ్ఱబారి నీరుగారుట చిత్రపరిశ్రమ యెఱిగిన విషయము. 1920 ప్రాంతమున హాలీవుడ్‌లో దానికి ‘క్లీగు కన్ను’ అను పేరు గూడ వాడుకలో నుండెను. అతినీలలోహిత కిరణముల వలన కలుగు ఆ బాధ సాధారణముగా ఒకటి రెండు దినములలో శమించును. ఆకాశమునుండి పడు నిజమైన పిడుగు కంటికి చేయు హాని యట్టిది కాదు. అది పలుమార్లు ఆలస్యముగా బయటపడును. ఆ యాలస్యము వలన బాధితునకు కలుగుచున్న నష్టమును గూర్చియే మేమిచట విన్నవింపదలచితిమి.

పిడుగు తాకియు బ్రదికినవారికి కలుగు నేత్రవ్యాధులలో ఎక్కువగా కనబడునది శుక్లము. తలగుండ విద్యుత్తు ప్రసరించినపుడు కంటిలోని కటకము చెడి మబ్బు పట్టును. ఈ మార్పు కొందఱికి కొలది దినములలోను, కొందఱికి నెలలకును, అరుదుగా సంవత్సరములకును కనబడును. శుక్లమును శస్త్రచికిత్సచే తొలగించి కృత్రిమ కటకము నమర్చవచ్చును. రెటీనా నడిమి భాగమున రంధ్రము పడినను, దృష్టినాడి దెబ్బతినినను, శుక్లము తీసినంత మాత్రమున చూపు పూర్తిగా రాదు.

2022లో కేంద్ర హోంశాఖవారు విపత్తు సహాయమునకు విధించిన ప్రమాణములలో మృతుని కుటుంబమునకు 4 లక్షల రూపాయలును, అవయవమునో కన్నులనో కోల్పోయి 60 శాతమునకు మించిన వైకల్యము పొందినవారికి 2.50 లక్షలును, 40 మొదలు 60 శాతము వఱకు గలవారికి 74,000 రూపాయలును నిర్ణయించిరి. ఆ జాబితాలో పిడుగు పేరు లేకున్నను, స్థానిక విపత్తుగా ప్రకటించి తమ నిధిలో పదవ వంతు వఱకు వెచ్చించుటకు రాష్ట్రములకు వీలు కల్పించిరి. వైకల్యము ఎంతయో మాత్రమే గాక, దేనివలన కలిగెనో గూడ ప్రభుత్వ వైద్యుడు ధ్రువీకరింపవలెను. చిక్కంతయు ఇచటనే గలదు.

వైశాఖమున చేనిలో పిడుగు తగిలిన కూలివాడు కాలిన గాయములకు మందు వేయించుకొని యిల్లు చేరును. కార్తికమున వానికి చూపు మందగించును. పిడుగు మాట అప్పటికి ఊరివారందఱును మఱచియుందురు. వయస్సువలననో మధుమేహమువలననో వచ్చిన శుక్లమని వైద్యుడు తలచినచో తప్పుపట్టుటెట్లు? కారణమును రుజువుచేయు కాగితము ఎవరియొద్దను ఉండదు.

2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటలలో 36,749 పిడుగులు నమోదయ్యెను. 2022లో దేశమున పిడుగుపాటుకు 2,887 మంది మరణించిరని జాతీయ నేరగణాంక సంస్థవారు లెక్కించిరి. పిడుగులకు లెక్క గలదు, మృతులకు లెక్క గలదు. బ్రదికి చూపు కోల్పోయినవారికి ఆ మరణముల పట్టికలో చోటు లేదు.

కావున మేము కోరునది స్వల్పము. పిడుగు తగిలిన ప్రతివానికిని ఆ వారములోనే కంటిపరీక్ష జరుపవలెను. పిడుగు పడిన తేదీని, స్థలమును, ఆనాటి చూపును చీటీపై వ్రాసి వాని చేతికీయవలెను. మూడవ నెలను, ఆఱవ నెలను, సంవత్సరాంతమునను మరల చూడవలెను. మఱియొక మాట. పిడుగు తగిలినవారి కంటిపాపలు విప్పారి కదలకుండుట మరణచిహ్నము కాకపోవచ్చును. దానిని చూచి ప్రాణరక్షణ ప్రయత్నమును మానరాదని అంబులెన్సు సిబ్బందికి బోధింపవలెను. వాని శరీరమున విద్యుత్తు నిలిచియుండదు గనుక తాకుటకును జంకవలదు.

1819లో వెలసిన ఎగ్మూరు ప్రభుత్వ నేత్రవైద్యశాలకును, కోడంబాక్కము ప్రక్కనే నుంగంబాక్కమున 1978లో స్థాపితమైన శంకర నేత్రాలయమునకును నెల్లూరు, చిత్తూరు సీమలనుండి తెలుగువారు వచ్చుచునేయున్నారు. చిన్నవయస్సున శుక్లముతో వచ్చినవానిని ‘నీకెన్నడైన పిడుగు తగిలినదా?’ యని యడుగుటకు ఖర్చేమియు లేదు. రాబోవు వైశాఖమునకు ముందే ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడు ఆరోగ్యశాఖలవారు ఈ యేర్పాటు గావింతురని మేము ఆశించుచున్నాము.