డొమైన్ కొన్నారా..? అంతమాత్రాన పేరు మీదైపోదు!

వెయ్యి, రెండు వేలు చేతిలో ఉంటే చాలు.. ఐదు నిమిషాల్లో వెబ్‌సైట్ పేరు కొనేయొచ్చు. అమ్మే సంస్థ ఆ పేరు ఖాళీగా ఉందా లేదా అన్నదే చూస్తుంది. అది వేరొకరి బ్రాండా కాదా అన్నది చూడదు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

జియోహాట్‌స్టార్ గొడవ గుర్తుందా?

ఢిల్లీకి చెందిన ఓ యాప్ డెవలపర్ 2023లో జియోహాట్‌స్టార్ డాట్ కామ్ కొనిపెట్టుకున్నాడు. సావన్ చేతికొచ్చాక జియో దాన్ని జియోసావన్‌గా మార్చింది కదా.. రేపు హాట్‌స్టార్ విషయంలోనూ అదే జరుగుతుందని అతని అంచనా. అది తప్పలేదు. 2024 అక్టోబర్‌లో, రిలయన్స్-డిస్నీ విలీనం చివరి దశలో ఉండగా అతను బయటికొచ్చాడు. కేంబ్రిడ్జ్‌లో తన చదువుకు డబ్బిస్తే డొమైన్ ఇచ్చేస్తానన్నాడు. రిలయన్స్ కుదరదన్నదని, కోర్టుకెళ్తామని చెప్పిందని తర్వాత అతనే వెల్లడించాడు. చివరికి ఆ పేరు దుబాయ్‌లో ఉంటున్న ఇద్దరు పిల్లల చేతికి వెళ్లింది. వాళ్లేమో ఉచితంగానే ఇస్తామన్నారు. 2025 ఫిబ్రవరి 14న జియోహాట్‌స్టార్ మొదలైంది.

'ముందు కొన్నవాడిదే కదా హక్కు?' అని చాలామందికి అనిపించొచ్చు. కానీ అది డొమైన్లు అమ్మేవాళ్ల రూల్ మాత్రమే. చట్టం లెక్క వేరు. డాట్ కామ్ వివాదాల్లో మూడు విషయాలు చూస్తారు. పేరు వేరొకరి ట్రేడ్‌మార్క్‌తో కలిసిపోయేలా ఉందా? కొన్నవాళ్లకు ఆ పేరు మీద న్యాయమైన హక్కు ఏదైనా ఉందా? దురుద్దేశంతో కొన్నారా? బ్రాండ్ యజమానికే ఎక్కువ ధరకు అమ్ముకోవాలని కొనడం కూడా దురుద్దేశం కిందికే వస్తుంది. డాట్ ఇన్ పేర్లకూ దాదాపు ఇవే ప్రశ్నలు. ఓడితే డొమైన్ చేజారిపోతుంది.

ఒక్క అక్షరం మారిస్తే సరిపోతుందా?

సరిపోదని సుప్రీంకోర్టు 2004లోనే తేల్చింది. హైదరాబాద్ సత్యం గ్రూపు నుంచి వచ్చిన సత్యం ఇన్ఫోవే 1999లో సిఫీ పేరుతో డొమైన్లు తీసుకుంది. 2001 నుంచి మరో కంపెనీ సిఫ్ఫీ అనే పేరు వాడటం మొదలుపెట్టింది. అదేంటంటే.. మా ఐదుగురు వ్యవస్థాపకుల పేర్లలో మొదటి అక్షరాలు కలిపామంది. బెంగళూరు సివిల్ కోర్టు సిఫీ వైపు, కర్ణాటక హైకోర్టు సిఫ్ఫీ వైపు నిలిచాయి. సుప్రీంకోర్టు మాత్రం ఐదు అక్షరాల కథ నమ్మలేదు. పేరు పెట్టేశాక వెతుక్కున్న సాకు అది అని తేల్చేసింది. డొమైన్ అంటే ఇంటర్నెట్‌లో అడ్రస్ మాత్రమే కాదు, ట్రేడ్‌మార్క్‌లాగే దానికీ రక్షణ ఉంటుందని స్పష్టం చేసింది.

బ్రాండ్ పక్కన ఊరి పేరో, దేశం పేరో తగిలించినా అంతే. యాహూఇండియా డాట్ కామ్ కేసులో 1999లో ఢిల్లీ హైకోర్టు యాహూ పక్షానే నిలిచింది.

మరి చిన్న వ్యాపారులు ఏం చేయాలి?

దెబ్బ గట్టిగా తగిలేది వీళ్లకే. బోర్డు, ప్యాకెట్, ఇన్‌స్టా పేజీ, విజిటింగ్ కార్డు.. అన్నీ ఆ పేరు మీదే ఉంటాయి. రెండేళ్ల తర్వాత లీగల్ నోటీసు వస్తే అన్నీ మార్చుకోవాలి. కోర్టుకెళ్తే నష్టపరిహారం కట్టాల్సి రావొచ్చు.

అందుకే డబ్బు కట్టేముందే కాస్త వెతకాలి. కేంద్ర ప్రభుత్వ ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. స్పెల్లింగ్ వేరైనా పలికితే ఒకేలా ఉండే పేర్లనూ అక్కడ చూడొచ్చు. అక్కడ కనిపించలేదని ధీమా పడొద్దు. రిజిస్టర్ కాకపోయినా జనంలో పేరున్న బ్రాండ్ యజమాని కోర్టుకెళ్లొచ్చు. కాబట్టి గూగుల్, ప్లే స్టోర్, కంపెనీల రిజిస్టర్ కూడా చూసుకోవాలి.

పేరు నిజంగా ఖాళీగా ఉంటే డొమైన్‌తో ఆగకుండా ట్రేడ్‌మార్క్‌కు కూడా దరఖాస్తు చేసుకోవడం మేలు. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో ఒక్కో విభాగానికి ఫీజు 4,500 రూపాయలు. రిజిస్టరైతే పదేళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్ చేసుకోవచ్చు. అప్పుడు రేపు మీ పేరు మీద మరొకరు దుకాణం తెరిచినా, నోటీసు పంపే హక్కు మీ చేతిలో ఉంటుంది.