విహారి గోల కాదు, కాగితం గోల

"ఆటగాడన్నాక నోరు మూసుకుని ఆడాలండీ" అనే మహానుభావులకి ఈ రాత అంకితం. అందులోనూ, చేతిలో రెండు ఆఫర్ లెటర్లు పెట్టుకుని మూడోదానికి ఫోన్ ఇంటర్వ్యూ ఇస్తూ మధ్యలో ఆ మాటనే మన సాఫ్ట్‌వేర్ సోదరులకి మరీ మరీ :)

సంగతి హనుమ విహారిది. 2024 ఫిబ్రవరి 26న, ఇండోర్‌లో మధ్యప్రదేశ్ మీద రంజీ క్వార్టర్ ఫైనల్ 4 పరుగుల తేడాతో పోయిన రోజున, ఇక జన్మలో ఆంధ్రాకి ఆడనని ఇన్‌స్టాగ్రామ్‌లో రాశాడు. జనవరిలో మన పి.ఎం.పాలెం స్టేడియంలో బెంగాల్‌తో జరిగిన మ్యాచ్‌లో జట్టులోని 17వ ఆటగాడిని కేకలేశాడట, ఆ కుర్రాడి తండ్రి రాజకీయ నాయకుడట, దాంతో తనని కెప్టెన్సీ వదులుకోమన్నారట. ఇది విహారి చెప్పింది. ఆ కుర్రాడు కాదన్నాడు. ఆంధ్రా క్రికెట్ సంఘం వాళ్ళేమో, అతని నోటి దురుసు మీద మాకు ఫిర్యాదులు వచ్చాయన్నారు. ఎవరిది నిజమో తేల్చడం నా పని కాదు. విహారి నోరు మంచిది కాదనే అనుకుందాం, నాకేం అభ్యంతరం లేదు. నా గొడవ వేరే.

ఆ తర్వాత ఏమైందో చూడండి. వేరే రాష్ట్రానికి వెళ్తాను, ఎన్.వో.సి. ఇవ్వండి మొర్రో అని అడిగాడు. రెండు నెలలుగా అడుగుతున్నా, నాలుగు మెయిల్స్ పెట్టినా ఇవ్వలేదని తనే రాసుకున్నాడు. 2024 జూన్‌లో ఎన్నికల ఫలితాలొచ్చి ప్రభుత్వం మారింది. ఎన్.వో.సి. వచ్చేసింది! అదే నెలలో నారా లోకేశ్‌ని కలిశాడు, మళ్ళీ ఆంధ్రాకే ఆడతానన్నాడు. మొదట్నించీ అతని పక్షాన మాట్లాడింది ఆ పార్టీ వాళ్ళే లెండి.

అందరూ "హమ్మయ్య, న్యాయం జరిగింది" అన్నారు. ఏ న్యాయమండీ? ఒక ఉద్యోగి రిలీవింగ్ లెటర్ కోసం అసెంబ్లీ ఎన్నికలు జరగాల్సి వస్తే దాన్ని న్యాయం అంటారా?

ఎన్.వో.సి. అంటే మన భాషలో రిలీవింగ్ లెటరే. పాత సంఘం ఆ కాగితం ఇస్తే గానీ కొత్త సంఘం తీసుకోకూడదు. కాకపోతే ఒక తేడా ఉంది. మనకి అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులో రాసి ఉంటుంది. నా మొదటి కంపెనీలో లెటర్ ఇవ్వకుండా మూడు వారాలు తిప్పించుకున్నా, ఆ కాగితంలో గీత గీసి చూపించి తెచ్చుకోగలిగాను. రంజీ ఆటగాడికి చూపించడానికి గీత ఏది? బోర్డు ఏటా ఇచ్చే సెంట్రల్ కాంట్రాక్టులు టీమిండియా వాళ్ళకి. కింద ఉన్నవాడికి ప్రధానంగా దక్కేది రోజు కూలీ. 2021లో ప్రకటించిన లెక్క ప్రకారం, 20 మ్యాచ్‌ల లోపు ఆడినవాడికి రోజుకి 40 వేలు, 40 దాటినవాడికి 60 వేలు. బెంచీ మీద కూర్చుంటే అందులో సగం. మొత్తం బానే ఉంది కదా అంటారు. ఆడిన రోజుకి బానే ఉంది. ఆడనివ్వని రోజుకి?

డాలస్‌లో ఉన్న మనవాళ్ళకి ఈ తేడా నేను చెప్పక్కర్లేదు. ఫ్రిస్కోలో సగం మంది కౌబాయ్స్ ప్రాక్టీస్ చేసే చోటుకి కూతవేటు దూరంలోనే కాపురాలు. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్, 2020లో దీర్ఘకాలిక ఒప్పందం కుదరక, ఫ్రాంచైజ్ ట్యాగ్ కింద 3 కోట్ల 14 లక్షల డాలర్లకి ఒక్క ఏడాది ఆడాడు. అక్టోబర్‌లో చీలమండ విరిగింది. "అత్యాశకి పోయాడు, అయిపోయాడు" అన్నవాళ్ళున్నారు. 2021 మార్చిలో 4 ఏళ్ళకి 16 కోట్ల డాలర్లు, అందులో 12 కోట్ల 60 లక్షలు గ్యారంటీ. 2024 సెప్టెంబర్లో మళ్ళీ 4 ఏళ్ళకి 24 కోట్లు. ఇంత డబ్బు అవసరమా అంటే, నాకు తెలీదు. కానీ ఆ ట్యాగ్ అనేది యజమాని కడుపులోంచి పుట్టిన మాట కాదు. ఆటగాళ్ళ సంఘం, లీగ్ కూర్చుని రాసుకున్న ఒప్పందంలోది. ఎంత ఇవ్వాలో, ఎప్పటిలోగా ఇవ్వాలో అందులోనే ఉంది. డాక్ కోసం టెక్సస్ గవర్నర్ మారక్కర్లేదు.

ఇక్కడో చిత్రం. నేను పెరిగింది ఉక్కునగరంలో. అక్కడ "కాంట్రాక్టు" అంటే అర్థం సరిగ్గా తలకిందులు. పర్మనెంటు వాడికి యూనియనుంది, జీతాల ఒప్పందానికి యాజమాన్యంతో కూర్చునే జాతీయ సంయుక్త కమిటీ ఉంది. కాంట్రాక్టు వాడంటే గేట్ పాస్ రద్దయితే ఇంటికి పోయేవాడు. 2025లో వేలమంది కాంట్రాక్టు కార్మికులు సమ్మెకి దిగింది ఆ తొలగింపుల మీదే. డాలస్‌లో ఆ మాట రక్షణ, మా ఊళ్ళో అదే మాట భయం. రంజీ ఆటగాడు ఈ రెంటికీ కాకుండా పోయాడు.

"అయితే యూనియన్ పెడితే సరిపోతుందా?" అని మీలో ఒకరు అడుగుతారని తెలుసు. సరిపోదు. 2014 అక్టోబర్ గుర్తుందా? 12న హుద్‌హుద్ మన ఊరిని ఊడ్చేసింది, 14న ఇక్కడ జరగాల్సిన ఇండియా-వెస్టిండీస్ వన్డే రద్దయింది. మూడు రోజుల తర్వాత ధర్మశాలలో బ్రావో జట్టు మొత్తాన్ని వెంటేసుకుని టాస్‌కి వచ్చాడు. ఆ మ్యాచ్ ఆడి, మిగతా టూర్ వదిలేసి వెళ్ళిపోయారు. వాళ్ళ గొడవ బోర్డుతోనే కాదు, తమని అడక్కుండా ఆదాయం తగ్గే ఒప్పందానికి సంతకం పెట్టిన తమ సొంత సంఘంతో కూడా. అంటే సంఘం కూడా మనల్ని అమ్మేయొచ్చు. కానీ అమ్మేసిందని తెలియడానికైనా ఒక కాగితం ఉంది కదా!

మన దగ్గర 2019లో పుట్టిన ఇండియన్ క్రికెటర్స్ అసోసియేషన్‌లో రిటైరైనవాళ్ళకే చోటు. ఆడుతున్నవాడికి లేదు. ఇంతకన్నా తెలివైన ఏర్పాటు ఎవరు చేయగలరు చెప్పండి? ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మాట్లాడకు, పెన్షన్ వచ్చాక తీరిగ్గా మాట్లాడుకో!

అంబటి రాయుడు 2007లో ఐ.సి.ఎల్.కి వెళ్తే బోర్డు అతన్ని, అతనితో వెళ్ళినవాళ్ళందర్నీ వెలేసింది, 2009లో "క్షమాభిక్ష" పెట్టింది. నేరం ఏంటి? ఇంకో కంపెనీలో చేరడం. ఆ లెక్కన మనందరం జీవిత ఖైదీలమే :)

విహారి సిడ్నీలో తొడ కండరం పట్టేసి 161 బంతులు నిలబడ్డవాడు, 2023లో ఇండోర్‌లో చెయ్యి విరిగితే ఎడమచేతి వాటంగా బ్యాట్ పట్టుకొచ్చినవాడు, 16 టెస్టులు ఆడినవాడు. అందుకే అతని ఇన్‌స్టాగ్రామ్ పోస్టు వార్తయింది, మంత్రిగారి అపాయింట్‌మెంట్ దొరికింది. 2025లో మళ్ళీ ఆంధ్రా వదిలి త్రిపురకి వెళ్ళాడు, ఈసారి గొడవేం లేదు. మరి అదే జట్టులో ఏడో మ్యాచ్ ఆడే ఏ శ్రీకాకుళం కుర్రాడికో ఇదే కష్టం వస్తే, వాడు నాలుగు మెయిల్స్ పెట్టాక ఐదోది ఎవరికి పెట్టాలి? అడిగిన ముప్పై రోజుల్లో ఎన్.వో.సి. ఇవ్వాలి, ఇవ్వకపోతే కారణం రాసివ్వాలి, ఆ కారణం మీద బయటి మనిషి తీర్పు చెప్పాలి. ఈ మూడు ముక్కలు రాసిన కాగితం మీద రెండు సంతకాలు పడటానికి ఆంధ్రా సంఘానికి ఏ ఎన్నికలూ అడ్డం లేవు.