భద్రాచలం వంతెన మీద నార, గింజ, గంజాయి: తెలంగాణ ఎక్సైజ్ కమిషనర్‌కు బహిరంగ లేఖ

తెలంగాణ ప్రొహిబిషన్, ఎక్సైజ్ శాఖ కమిషనర్ గారికి,

గంజాయి మొక్కలో ప్రతి భాగమూ చట్టం దృష్టిలో గంజాయి కాదు. 1985 నాటి మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) ప్రకారం గంజాయి అంటే పూత మీదో కాయ మీదో ఉన్న కొనలు. ఆ కొనలతో కలవకుండా విడిగా ఉన్న గింజలు, ఆకులు ఆ నిర్వచనంలోకి రావు. కాండం నుంచి తీసిన నార ప్రస్తావనే అందులో లేదు. నార, గింజల కోసం సాగుకు అనుమతించే అధికారాన్ని అదే చట్టం 14వ సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది. ఉత్తరాఖండ్ 2018లో అలాంటి లైసెన్సు ఇచ్చింది. అక్కడ సాగయ్యే మొక్కలో మత్తునిచ్చే టీహెచ్‌సీ 0.3 శాతం దాటకూడదు. 2021 నవంబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఈ గింజలను, వాటి నూనెను, పిండిని ఆహారంగా గుర్తించి, గింజల్లో టీహెచ్‌సీ కిలోకు 5 మిల్లీగ్రాములు, నూనెలో 10 మిల్లీగ్రాములు మించరాదని హద్దు పెట్టింది. గింజకు పెట్టిన హద్దు పొలంలోని మొక్కకు పెట్టినదానిలో ఆరువందలో వంతు.

ఇంత స్పష్టంగా ఉన్న తేడా భద్రాచలం దారిలో నిలవడం కష్టం. 2014లో చుట్టుపక్కల పల్లెలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసి, పట్టణం తెలంగాణలో మిగిలింది. ఊరు దాటితే ఎటపాక, అంటే పక్క రాష్ట్రం. ఆ రాష్ట్రంలోని చింతూరు నుంచి ఒక దారి ఒడిశాలోని మల్కన్‌గిరి వైపు, మరొకటి కుంట మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోకి పోతాయి. అటువైపు అడవుల నుంచి కొత్తగూడెం, ఖమ్మం, హైదరాబాదు వైపు వచ్చే బండి ఇక్కడ గోదావరి దాటి సారపాకలో దిగాలి. గంజాయి రవాణాకూ ఇదే బాట. 2022 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు అనకాపల్లి దగ్గర తగలబెట్టిన గంజాయి సుమారు రెండు లక్షల కిలోలు. కాబట్టి తనిఖీ గట్టిగా ఉండాల్సిందే. సడలించమని అడగడం ఈ లేఖ ఉద్దేశం కాదు.

చిక్కు పరీక్షలో ఉంది. చెక్‌పోస్టులో వాడే కిట్‌లో రంగు మారితే ఆ జాతి మొక్క రసాయనాలు ఉన్నాయని తెలుస్తుంది. ఎంత ఉన్నాయో తెలియదు. నార, గింజల కోసం పెంచే పారిశ్రామిక రకం మొక్కకూ గంజాయికీ తేడా తేలాలంటే ప్రయోగశాలకు పంపాలి. నమూనా అందిన 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలని 2022 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఈలోగా 20 కిలోలు దాటిన మూటను గంజాయిగా రాసుకుంటే అది వాణిజ్య పరిమాణం అవుతుంది. శిక్ష పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు, పైగా 37వ సెక్షన్ కింద బెయిలు దొరకడం గగనం. ఎక్కించిన సరుకు ఏమిటో కూడా తెలియని డ్రైవరు మీద పడే బరువు ఇది. నివేదిక అనుకూలంగా వచ్చినా అతను జైల్లో గడిపిన రోజులు తిరిగి రావు.

అమెరికాలో ఇదే జరిగింది. పారిశ్రామిక సాగును చట్టబద్ధం చేసిన 2018 చట్టం తర్వాత నెల దాటిన కొద్ది రోజులకే, 2019 జనవరిలో ఐడహో పోలీసులు ఒరెగాన్ నుంచి కొలరాడో వెళ్తున్న లారీని ఆపి మూడు టన్నుల సరుకు పట్టుకున్నారు. డ్రైవరు అరెస్టయ్యాడు. ఆ రాష్ట్రం తన చట్టాన్ని 2021లో గానీ మార్చుకోలేదు. తెలంగాణలో చట్టం మార్చాల్సిన పనే లేదు, ఉన్న నిర్వచనం చెక్‌పోస్టు దాకా చేరితే చాలు.

పేర్లతో మరో చిక్కు. ఈ పారిశ్రామిక రకం మొక్కను ఇంగ్లీషులో హెంప్ అంటారు. ఖమ్మం రైతు పచ్చిరొట్టకు చల్లే జనుమును కూడా సన్ హెంప్ అంటారు, గోగును దక్కన్ హెంప్ అంటారు. ఈ రెండింటికీ గంజాయితో చుట్టరికం లేదు. తెలుగులో జనపనార అంటే ఎక్కువ మందికి జూటే. బిల్లు మీద ‘హెంప్’ అన్న ఒక్క మాట చూసి నిర్ణయానికి వస్తే గోనెసంచుల నార కూడా అనుమానంలో పడుతుంది. సరుకు రకాన్ని తెలిపే, ఇ-వే బిల్లులోని హెచ్ఎస్ఎన్ కోడ్ ఇక్కడ అక్కరకొస్తుంది. అసలు గంజాయి జాతి నారకు 5302, జూటు వంటి నారలకు 5303. ఈ రెండు అంకెలు తెలిసిన కానిస్టేబుల్ సగం అనుమానం అక్కడికక్కడే తీర్చుకోగలడు.

శాఖ నుంచి కావలసింది పోలీసు శాఖతో, మాదకద్రవ్యాల నిరోధానికి పనిచేసే ఈగల్ విభాగంతో కలిసి జారీ చేసే ఒక సర్క్యులర్. పంచనామాలో ‘గంజాయి’ అని రాసే ముందు అది కొనా, ఆకా, గింజా, నారా అన్నది విడిగా రాయాలని అందులో ఉండాలి. బిల్లు, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు, బ్యాచ్ పరీక్ష నివేదిక సరిపోయి, పూత కొనలేవీ కనబడకపోతే నమూనా తీసుకుని, ఫొటోలు తీసి, చిరునామా రాసుకుని బండిని వదలాలి. నారలోనో గింజల్లోనో కొనలు కలిసి కనిపిస్తే మామూలుగానే కేసు పెట్టాలి. సర్క్యులర్ తెలుగులో ఉండాలి, చింతూరు వైపు తనిఖీ చేసే ఆంధ్రప్రదేశ్ అధికారులకూ ఒక ప్రతి అందాలి. అక్కడ వదిలిన బండిని ఇక్కడ మళ్లీ అదే అనుమానంతో ఆపకూడదు.