పూడికతీత అంచనాలో నీళ్ల పద్దు ఏదీ?

పులికాట్ సరస్సు ముఖద్వారాల్లో ఇసుక మేటలు తీయించాలన్న డిమాండ్ సూళ్లూరుపేట ప్రాంతానికి పాతదే. రాయదొరువు, కొండూరుపాలెం దగ్గర సముద్రపు నీరు లోపలికొచ్చే దారి మూసుకుపోతే వేసవిలో సరస్సు ఉత్తర భాగం ఎండి బీటలు వారుతుంది. నీరు ఆవిరైన చోట ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. సముద్రం నుంచి రావాల్సిన రొయ్య పిల్లలకు దారుండదు. పడవ ఇసుకలో కూరుకుంటే దిగి నెట్టాల్సిందే. మత్స్యకారులు, యానాదులు వల పక్కన పెట్టి కూలికి పోతారు. వాళ్లు అడుగుతున్నది న్యాయం. అయితే డ్రెడ్జర్ తెచ్చి కాలువ తవ్వితే సమస్య తీరిపోతుందన్న నమ్మకమే అసలు చిక్కు.

ముఖద్వారాన్ని పూడ్చే ఇసుక చాలావరకు సముద్రానిది. మార్చి నుంచి అక్టోబరు దాకా అలలు ఇసుకను తీరం వెంబడి ఉత్తరానికి నెడతాయి. ఈశాన్య రుతుపవనాల నెలల్లో కొంత వెనక్కి వచ్చినా, ఏడాది మొత్తం మీద మొగ్గు ఉత్తరానికే. మద్రాసు రేవు గోడలు లేచాక దక్షిణాన మెరీనా ఇసుక పెరగడం, ఉత్తరాన రాయపురం కోతకు గురవడం ఈ ప్రవాహం చేసిన పనే. పులికాట్ దగ్గర ఆ ఇసుకను తోసేసేవి రెండే: పోటు తీసేటప్పుడు సరస్సులోంచి వెనుదిరిగే నీరు, నదుల వరద. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో సముద్రమట్టం పోటుకు పది మీటర్ల దాకా లేస్తుంది. మన తీరంలో ఆ తేడా మీటరు చుట్టుపక్కలే. అంత బలహీనమైన పోటుకు నది తోడు రాకపోతే ఇసుకదే గెలుపు.

ఆ నదులు ఎలా ఉన్నాయి? దక్షిణాన సరస్సులో కలిసే అరణియార్‌కు పిచ్చాటూరులో జలాశయం ఉంది. సూళ్లూరుపేట మీదుగా వచ్చే కాళంగికి కేవీబీపురం మండలంలో మరొకటి. సరస్సుకు ఉత్తరాన వాకాడు మీదుగా సముద్రాన్ని చేరే స్వర్ణముఖికి ఎగువన తిరుపతి, తిరుమల దాహం తీర్చే కల్యాణి డ్యాం, దిగువన వాకాడు బ్యారేజీ, మధ్యలో లెక్కకు అందని ఇసుక తవ్వకాలు. ఇవి ఏడాది పొడవునా పారే నదులు కావు. ఈశాన్య రుతుపవనాల్లో కొన్ని వారాలు ఉరకలెత్తి సద్దుమణుగుతాయి. తొలి వరదలు జలాశయాలు నింపడానికే సరిపోతాయి. మంచి వానలు పడ్డ ఏడాదే మిగులు నీరు సముద్రం దాకా చేరుతుంది. 2021 నవంబరులో స్వర్ణముఖి ఊళ్లను ముంచెత్తింది. అలాంటి ఏడాది ముఖద్వారాలు వాటంతటవే తెరుచుకుంటాయి. ఆ తర్వాత వచ్చే పొడి సంవత్సరాల్లో ఇసుక మళ్లీ పేరుకుంటుంది.

ఇంకో ప్రమాదం కంటికి కనిపించదు. సరస్సు మేటవేసి లోతు తగ్గితే పోటుకు లోపలికి వచ్చే నీరూ తగ్గుతుంది. వచ్చేది తగ్గితే వెనుదిరిగేదీ తగ్గి, ముఖద్వారం మరింత ఇరుకవుతుంది. శ్రీహరికోటకు సరస్సు మీదుగా వేసిన రోడ్డు కూడా లోపలి నీటి కదలికకు అడ్డమే. ఒక్క ముఖద్వారం తవ్వి సరస్సును వదిలేస్తే రెండు మూడేళ్లకు మళ్లీ టెండరు పిలవక తప్పదు.

నీళ్లతోనే రేవును శుభ్రం చేసే ప్రయత్నం మన దేశంలో భారీ ఎత్తున జరిగింది. కోల్‌కతా రేవు పూడిపోతోందని గంగ మీద ఫరక్కా బ్యారేజీ కట్టి, 1975 నుంచి నలభై వేల క్యూసెక్కుల నీటిని హుగ్లీకి మళ్లించే పథకం మొదలుపెట్టారు. అయినా డ్రెడ్జింగ్ ఆగలేదు. పెద్ద ఓడల కోసం దిగువన హల్దియా రేవు అవసరమైంది. నదిని కాలం తప్పాక, ఒకే చోట సరిదిద్దబోతే ఎంత ఖర్చవుతుందో హుగ్లీ చెబుతుంది.

ఒడిశాలోని చిలికా సరస్సు అనుభవం ఇంతకంటే ఆశాజనకం. 2000 సెప్టెంబరులో అక్కడ కొత్త ముఖద్వారం తవ్వారు. కొద్ది సంవత్సరాల్లోనే చేపల పట్టుబడి అనేక రెట్లు పెరిగింది. అయితే ఒడిశా తవ్వి ఊరుకోలేదు. పరివాహక ప్రాంతంలోని గ్రామాలతో కలిసి మట్టి కోతను అరికట్టే పనులు చేసింది. సరస్సు కోసమే ప్రత్యేక సంస్థను నడుపుతోంది. పులికాట్‌కు లేనిది అదే.

అన్ని చోట్లా ఒకే మందు పనికిరాదు. గోదావరి పక్కన ఒకప్పుడు ఓడలు కట్టిన కోరంగి నది తెచ్చిన ఒండ్రుతోనే మేటవేసింది. అక్కడ సమస్య మట్టి, ఇక్కడ సమస్య నీళ్లు రాకపోవడం. అంచనా వేసే ఇంజినీరు ఈ తేడా పట్టించుకోకపోతే ఖర్చు ఇసుకలో పోసినట్టే.

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ ఒక మంచి అవకాశం తెచ్చింది. అంతకుముందు కేవీబీపురం చిత్తూరు జిల్లాది, సూళ్లూరుపేట నెల్లూరు జిల్లాది. ఇప్పుడు రెండూ తిరుపతి జిల్లావే. కాళంగి జలాశయం గేట్ల నుంచి సరస్సు దాకా ఒకే కలెక్టరు మాట చెల్లుతుంది కాబట్టి, పూడికతీత అంచనాలో నీళ్ల పద్దూ చేరాలి. ఆయకట్టు రైతు నోటి దగ్గర నీటిని లాక్కోమని ఎవరూ అనరు. కానీ భారీ వరదల్లో ఎలాగూ వదలాల్సిన మిగులు నీటిని వీలైనంతవరకు పోటు తీసే వేళకు కలిసేలా విడుదల చేయవచ్చు. నదీగర్భంలో ఇసుక తవ్వకానికి హద్దు గీయవచ్చు. శ్రీహరికోట రోడ్డు కింద నీటి దారులు పెంచవచ్చు. ఎగువ చెరువుల్లో పూడిక తీస్తే ఆ మట్టి పొలాలకు పనికొస్తుంది, సరస్సుకు చేరే ఒండ్రు తగ్గుతుంది.

ఇదంతా ఇదే తీరంలోని దుగరాజపట్నానికీ వర్తిస్తుంది. 1626లో ఈస్టిండియా కంపెనీ ఆర్మగాన్ పేరుతో స్థావరం పెట్టింది అక్కడే. కొన్నేళ్లకే దాన్ని వదిలి మద్రాసుకు తరలింది. 2014 విభజన చట్టం వాగ్దానం చేసిన పెద్ద ఓడరేవు ఇప్పటికీ రాలేదు. 2025లో అదే చోట నౌకా నిర్మాణ కేంద్రం ప్రతిపాదన వచ్చింది. దాని కోసం సముద్రంలోకి గోడలు కడితే ఉత్తరానికి నడిచే ఇసుక దక్షిణాన ఆగుతుంది, ఉత్తరాన ఒడ్డు కోతకు గురవుతుంది. ఆగిన ఇసుకను గోడ దాటించి అవతల పోసే ఏర్పాటు, పులికాట్ ముఖద్వారాలపై పడే ప్రభావం, స్వర్ణముఖి, కాళంగి నీటి లెక్కలు ప్రాజెక్టు నివేదికలో ఉన్నాయో లేదో తీరగ్రామాల వాళ్లు శంకుస్థాపనకు ముందే అడగాలి. ఆ నివేదికను తెలుగులో వాళ్ల ముందు పెట్టాల్సిన బాధ్యత ప్రభుత్వానిది.