భుజం మీది నక్షత్రాలు కనపడవా?

మా భోగాపురం చుట్టుపక్కల మిలటరీ మనిషి లేని ఊరంటే వెతుక్కోవాల్సిందే. సెలవు మీద కుర్రాడు బస్సు దిగితే టీ కొట్టు దగ్గరే సగం ఊరు పలకరిస్తుంది. ఆగస్టు 15న బళ్లో జెండా కింద మాజీ జవాన్లకు కుర్చీలు, శాలువాలు. వాళ్లకు దక్కాల్సిందే, అందులో నాకు ఏడుపు లేదు. ఆ వరసలో ఒక్క ఆడమనిషీ ఎందుకు కనపడదన్నదే నా గోడు. మిలటరీ నర్సింగ్ సర్వీసులో చేసి మేజర్‌గా దిగినావిడ ఊరికొచ్చినా, "అప్పా, కాస్త బీపీ చూడు" అని చెయ్యి చాపుతాం. అంతే మనకు తెలిసిన మర్యాద.

యుద్ధమంటే తుపాకీ పేల్చడమొక్కటే అనుకునేవాళ్లతో వాదం పెట్టుకోను. 1999 కార్గిల్‌లో కొండల మీంచి దించిన కుర్రాళ్లు శ్రీనగర్‌లోని 92 బేస్ హాస్పిటల్‌కు చేరారు. రక్తం గడ్డకట్టి ఒంటికి అతుక్కుపోయిన బట్టను కత్తెరతో కోసి తీయాలి. సూది ఎక్కించడానికి నరం దొరకని చేతిని నిమిరి నిమిరి నరం పట్టాలి. ఆ పని చేసినవాళ్లలో నర్సింగ్ ఆఫీసర్లున్నారు. ఒంటి మీద యూనిఫామే, భుజం మీద నక్షత్రాలే.

ఈ సర్వీసు నిన్న మొన్నటిది కాదు. 1888లోనే సైనిక ఆసుపత్రుల కోసం నర్సులు బొంబాయిలో ఓడ దిగారు. 1926లో శాశ్వత సర్వీసయింది. 1943లో, రెండో ప్రపంచ యుద్ధం నడుమ, ఆర్డినెన్సు తెచ్చి వాళ్లను కమిషన్డ్ ఆఫీసర్లను చేశారు. 1976లో గెర్ట్రూడ్ ఆలిస్ రామ్ మేజర్ జనరల్ అయ్యారు. ఇంత జరిగాక 1992లో మరికొన్ని శాఖలు తలుపు తీస్తే, సైన్యంలోకి ఆడవాళ్లు రావడం అదే మొదలన్నట్టు చెప్పుకుంటున్నాం. అంతకుముందున్నవాళ్లు ఎవరి లెక్కలోకి వస్తారు?

నర్సులనే కాదు, డాక్టర్లనూ గుర్తుపెట్టుకోలేదు. తిరుపతిలో పుట్టిన పద్మావతి బందోపాధ్యాయ 1971 యుద్ధంలో చేసిన సేవకు విశిష్ట సేవా పతకం అందుకున్నారు, తర్వాత వైమానిక దళంలో ఎయిర్ మార్షల్ అయ్యారు. అదే యుద్ధంలో విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ కథ మన పిల్లలకు సినిమాతో సహా తెలుసు. ఈవిడ పేరడగండి, తెల్లమొహం వేస్తారు.

సర్కారు పెద్దల సంగతి ఇంకా అన్యాయం. సికింద్రాబాద్ మిలటరీ ఆసుపత్రిలో పనిచేసిన ఒక నర్సింగ్ లెఫ్టినెంట్‌ను 1988లో ఉద్యోగంలోంచి తీసేశారు. ఆవిడ చేసిన నేరం పెళ్లి చేసుకోవడం. అది వివక్షేనని, 60 లక్షలు చెల్లించాలని సుప్రీంకోర్టు తేల్చేసరికి 2024 వచ్చింది. నర్సింగ్ సర్వీసులో చేసినావిడ మాజీ సైనికోద్యోగి కింద లెక్కా కాదా అన్న పంజాబ్ కేసు కూడా అదే కోర్టు దాకా వెళ్లి అదే ఏడాది తేలింది. అవునని అక్కడ చెప్పించుకోవాల్సొచ్చింది!

మన కోరుకొండ సైనిక స్కూల్లో 2021 నుంచి ఆడపిల్లల్ని చేర్చుకుంటున్నారు. సంతోషమే. ఆ పిల్లలకు ఎవరి ఫొటో చూపిస్తున్నాం?

మన భోగాపురం విమానాశ్రయానికి అల్లూరి పేరు పెట్టుకున్నాం, బాగుంది. నేను అంత పెద్ద కోరికలు కోరను. సర్పంచ్ గారూ, ఈసారి మాజీ సైనికుల జాబితా రాసేముందు మిలటరీ ఆసుపత్రుల్లో చేసొచ్చిన అప్పలెవరైనా ఉన్నారేమో ఇంటింటా అడిగించండి. లెఫ్టినెంటో, మేజరో, హోదాతో సహా పేరు రాయించండి. సుబేదారు గారి పేరు కంటే ఆవిడ పేరు పైకొస్తే ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు. సైన్యంలో వరస అదే.