విమానం కూడా కిరాయిదేనమ్మా!

మన కోల్‌బెల్ట్‌లో ‘మెడికల్ అన్‌ఫిట్’ అన్న మాట తెలియని ఇల్లాలు ఉండదు. బాయి పనిచేసే మనిషి ఒంట్లో సత్తువ పోయిందని బోర్డు తేలిస్తే, నిబంధనల ప్రకారం వారసుడికి కారుణ్య నియామకం కింద ఉద్యోగం వస్తుంది. పైలట్లకీ ఈ మాట ఉంది. ఏటా పరీక్ష. గుండెలోనో కంటిలోనో తేడా కనబడితే విమానం ఎక్కనివ్వరు. అయితే అక్కడ వారసుడికి ఏమీ రాదు! ఆరోగ్యం బాగున్నా 65 దాటాక ప్రయాణికుల విమానం నడపరాదు.

మరి మీ పిల్లవాడో, పిల్లో పైలట్ అవుతానంటే? శిక్షణకు అరకోటి దాకా అవుతుంది. ఇల్లో, బంగారమో కుదువ పెట్టాల్సిందే. అందుకే ‘ఎగరడం ఆగిపోతే ఏం చేస్తాడు?’ అని ముందే అడగండి. అడిగితే కోపమొస్తుంది లెండి, అయినా అడగండి.

ఒక దారి విమానాల లీజింగు. మన దేశంలో తిరిగే విమానాల్లో ఎక్కువ భాగం కిరాయివే. పెండ్లికి టెంట్‌హౌస్ నుంచి గుండిగలు తెచ్చుకున్నట్టే! ఒట్టి గుండిగలు తెస్తే డ్రై లీజు, వంటవాళ్లతో సహా వస్తే వెట్ లీజు. ఇంజన్ విడిగా కూడా దొరుకుతుంది. పొయ్యి ఆరిపోకుండా రెండో సిలిండర్ పెట్టుకుంటాం చూడండి, అలాగే. ఒక ఇంజన్ మరమ్మతుకు పోతే నెలల తరబడి రాదు. అన్నాళ్లూ విమానం నిలబెడితే కిరాయి ఆగుతుందా? అందుకే ఇంకో ఇంజన్ కిరాయికి తెచ్చి బిగిస్తారు.

తిరిగి అప్పగించేటప్పుడే అసలు పేచీ. గుండిగకు సొట్ట పడిందా, గరిటెలు లెక్క సరిపోయాయా అని మనం చూసుకోమూ? ఇంజన్‌లో ముఖ్యమైన భాగాలకు పుట్టినప్పటి నుంచీ కాగితాలుండాలి. కాగితం లేకుంటే మంచి భాగానికీ విలువ పడిపోతుంది. కాగితాల పని ఇంజనీర్లకే ఎక్కువ తెలుసు. అప్పగించే ముందు నడిపి చూడడం, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి చేర్చడం పైలట్ల పని. మెడికల్ పోయినవాళ్లకు ఆ రెండూ కుదరవు. వాళ్లు ఆఫీసులో కూర్చుని ఒప్పందాలు చూడాలంటే లెక్కలు, చట్టం మళ్లీ చదువుకోవాలి.

ఆ చట్టం ఎంత పనిచేస్తుందో గో ఫస్ట్ సంగతి చెబుతుంది. 2023 మేలో ఆ సంస్థ దివాలా అని చేతులెత్తేసింది. ఇంజన్లు సరిగా అందలేదని దాని గోడు. యాజమానులు తమ 54 విమానాలు తీసుకుపోదామంటే మన దివాలా చట్టం అడ్డొచ్చింది. చివరికి 2024 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు తీర్పుతో వదిలారు. పైలట్లు మాత్రం వేరే కొలువులు వెతుక్కున్నారు. మన హైదరాబాద్ ట్రూజెట్ కూడా కిరాయి విమానాలతోనే 2015లో మొదలై 2022లో ఆగింది. కిరాయికిచ్చేవాళ్ల హక్కుల కోసం 2025లో కొత్త చట్టం వచ్చింది. పార్లమెంటులో పెట్టింది మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు గారే. లీజింగ్ కంపెనీలు ఇప్పుడు గుజరాత్‌లోని గిఫ్ట్ సిటీలో ఆఫీసులు తెరిచాయి.

పైలట్ లైసెన్సుకు ఎం.పి.సి.తో ఇంటర్ చాలు. అందుకే చాలామంది డిగ్రీ వదిలేస్తారు. మీరు వదలనివ్వకండి, దూరవిద్యలో బి.కాం. అయినా సరే. ఇంకోటి, ఫీజు కట్టే ముందే క్లాస్ వన్ మెడికల్ చేయించండి.